నాలుగు వేళ్ళు

అక్టోబరు 8, 2025, బుధవారం

ఈ డైరీ మా కంపెనీదే. 2023లో మైకు స్టాండ్లు కొన్నవాళ్ళకి పంచగా మిగిలింది. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను. రాయడం తప్ప వేరే పని లేదు మరి.

నిన్న గొంతులో కాయ తీసేశారు. చిన్నదే, భయపడాల్సింది కాదంది డాక్టరమ్మ. మూడు వారాలు మాట్లాడకూడదు. గుసగుస అసలే కూడదు, అది అరుపు కన్నా చెడ్డదట. ఆ తర్వాత రోజుకి పది మాటలు. పాట మాత్రం జనవరి దాకా లేదు. "ముందే పాడారంటే ఉన్న గొంతు కూడా మిగలదు పాస్టర్ గారూ" అంది. ఆవిడకి ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను సువార్త పాటలు పాడటం మొదలుపెట్టేనాటికి ఆవిడ పుట్టనే లేదు.

నవంబరు 9న మా చింతాద్రిపేట తెలుగు సంఘానికి అరవై ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు చూరు పాట పాడాలి. నేను రాసిందే, బాణీ కూడా నాదే. "వానలో తడిసిన పిచ్చుకను నేను, నీ చూరు కింద చోటిమ్ము తండ్రీ." ముప్పై నాలుగేళ్ళుగా ప్రతి వార్షికోత్సవం ఆ పాటతోనే, నా గొంతుతోనే మొదలవుతుంది. ఎన్నడూ తప్పలేదు. 2018 క్రిస్మస్‌కి పై చరణంలో, పాట పైస్థాయికి ఎక్కే చోట, మైకు మొరాయించింది, అదొక్కటే. ఆ మర్నాడే మైకులన్నీ మార్పించాను.

చంద్రకళ పలక, బలపం కొనుక్కొచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ముప్పయ్యారేళ్ళ కాపురంలో ఇప్పుడు కదా ఇంట్లో ఆఖరి మాట నాదవతా ఉండాది" అని ఒకటే నవ్వు.

ఒక్క చరణం పాడితే ఏమవుతుంది? ఒక్కటంటే ఒక్కటి.

అక్టోబరు 9

మాట్లాడలేదు.

అక్టోబరు 10

మాట్లాడలేదు. పాలవాడితో పోట్లాడాల్సింది ఒకటి మిగిలిపోయింది, అది కూడా మానుకున్నాను.

అక్టోబరు 12, ఆదివారం

మందిరంలో మొదటి వరసలో కూర్చున్నాను. వేదిక మీద నేను లేకుండా ఆరాధన జరగడం ఇదే మొదలు. ప్రసంగం పెద్దల్లో ఒకాయన చదివాడు. పాటలు శ్రేయ పాడింది. మూడేళ్ళ కిందట ఖమ్మం నుంచి కంప్యూటర్ ఉద్యోగానికి వచ్చిన పిల్ల. మంచి పిల్ల. గొంతు కూడా మంచిదే, కాదనను.

కీబోర్డు మీద మామూలుగానే శివరామ్. పదహారేళ్ళుగా వాడే. ఆదివారం పొద్దున ఇంట్లో పూజ ముగించుకుని, నుదుట బొట్టుతోనే వచ్చి మా పాటలు వాయిస్తాడు. ఎవరన్నా అడిగితే, "ఆడ దేవుడికి, ఈడ దైవానికి" అంటాడు. నా పేరు దైవాధీనం కదా, అదీ వాడి ఎగతాళి. పాట మొదలయ్యే ముందు వాడు నా వైపు చూస్తూ కనుబొమలు ఎగరేయడం, ఎంత శ్రుతిలో పాడాలో నేను వేళ్ళతో చూపించడం మాకు అలవాటు. నేనెప్పుడూ నాలుగు వేళ్ళు, అంటే నాలుగో శ్రుతి, చూపిస్తాను. మగవాళ్ళు చాలామంది ఒకటి దగ్గరో రెండు దగ్గరో ఆగిపోతారు. నాది నాలుగు. గొప్పకి రాయడం లేదు, ఉన్నమాట.

ఇవాళ కూడా వాడు అలవాటుగా నా వైపే చూశాడు. నాలుగు వేళ్ళు చూపించాను. ఆ అమ్మాయి అందుకుంది. ఎక్కడికో ఎత్తేసింది! నా నాలుగు కాదది. ఎంత లేదన్నా ఆరు ఉంటుంది. నా పాటని చుక్కల్లోకి లాక్కుపోయింది. పైగా ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటే హోరు. ఇన్నేళ్ళలో వాళ్ళు అంత గట్టిగా పాడటం నేను వినలేదు. కొత్త గొంతు కదా, మోజు.

అసూయ కాదు. సంఘం మేలు కోరి రాస్తున్నాను.

అక్టోబరు 13

"శ్రుతి మరీ ఎక్కువైంది, ఆ అమ్మాయికి చెప్పు" అని పలక మీద రాసి చంద్రకళకి చూపించాను. ఆవిడ చదివింది. కొంగుతో తుడిచేసింది. "ఉప్మా చల్లారిపోతా ఉండాది, తినండి" అంది.

అక్టోబరు 15

అంబత్తూరు వెళ్ళాను. మైకు స్టాండ్లు చేసే మా షెడ్డులో నేను లేకపోయినా పని బాగానే సాగుతోంది, ఆ సంగతి నాకు నచ్చలేదు. లేత్ మిషన్ చూసుకునే అరుముగం నా పలక చూసి తెగ ముచ్చటపడ్డాడు. "సార్ తిట్లు రాసి చూపిస్తే కోపమే రావడం లేదు" అని అరవంలో పక్కవాడికి చెబుతుంటే విన్నాను. మరో రెండు తిట్లు రాసి చూపించాను. పక్కవాణ్ణి పిలిచి వాడిచేత కూడా చదివించాడు.

అక్టోబరు 18, శనివారం

ప్రతి నెలా మూడో శనివారం ఎన్నూరులో మా వైద్య శిబిరం. బీపీ చూసి, మందులిచ్చి, కళ్ళజోళ్ళు పంచుతాం. వద్దంటున్నా వెళ్ళాను. నోరు లేకపోయినా కుర్చీలు సర్దడానికి చేతులున్నాయి కదా.

అమ్మాసి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పుడు అక్కడి ఉప్పుటేరులో రొయ్యలు ఏరేది. కరెంటు ప్లాంటు బూడిద గాలికి దగ్గు పట్టుకుంది. నా పలక చూడగానే ఆవిడకి పండగైంది. పక్కన చతికిలబడి గంటసేపు చెప్పింది. దగ్గు ఏ ఏడు మొదలైందీ, ఏ కొడుకు ఎక్కడ ఉన్నాడూ, నీళ్ళు ఏ రోజు ఏ రంగులో పారతాయీ, అంతా. "పదేళ్ళుగా వస్తున్నావు. ప్రార్థన చేస్తావు, పాట పాడతావు, వ్యాను ఎక్కుతావు. నా దగ్గు సంగతి ఇవాళే విన్నావు" అంది. నిజమే. నాకు సిగ్గేసింది.

పోతూ పోతూ ఇంకో మాట అడిగింది. "మొదట్లో మీ ఇంటావిడ పాడేది. ఆ గొంతు కోసమే నేను వచ్చేదాన్ని. ఇప్పుడు పాడదేం?"

చంద్రకళ పాడుతూనే ఉంది కదా. నేను పాడేటప్పుడల్లా నా పక్కనే నిలబడి పెదాలు కదుపుతూనే ఉంటుంది. ఈసారి శిబిరానికి చెవి డాక్టరుని కూడా తీసుకురావాలి, అమ్మాసి కోసం.

అక్టోబరు 19, ఆదివారం

మళ్ళీ నాలుగు వేళ్ళు చూపించాను. మళ్ళీ ఆరు. ఇద్దరూ కలిసి నాతో ఆడుకుంటున్నారా?

సాయంత్రం వంటింట్లో ఎవరో కూనిరాగం తీస్తున్నారు. నేను గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆగిపోయింది. చంద్రకళ ఒక్కతే ఉంది, చింతకాయలు దంచుతోంది.

అక్టోబరు 20

దీపావళి. శివరామ్ ఇంటి నుంచి అధిరసాలు, అదే మన అరిసెలు, వచ్చాయి. మూడు తిన్నాను. వాడి మీద కోపం అలాగే ఉంది.

అక్టోబరు 21

ఇవాళ తేల్చేద్దామని కూర్చున్నాను. చంద్రకళ బజారుకి వెళ్ళింది. మా పెళ్ళికి మామగారు ఇచ్చిన శ్రుతిపెట్టె అటక మీద నుంచి దించాను. ఆయన కూతురికి సంగీతం నేర్పింది దాంతోనే. దుమ్ము దులిపి, నాలుగు పెట్టి, ఆదివారం శ్రేయ పాడింది ఫోనులో విన్నాను.

కలిసింది. సరిగ్గా నాలుగే.

అంటే ఆ పిల్ల పెంచలేదు. మరి నా పాట అంత కింద ఉన్నట్టు నాకెందుకు గుర్తుంది? నిరుటి వార్షికోత్సవంలో నేను పాడింది తీశాను. నాలుగుతో కలవలేదు. రెండుతోనూ కలవలేదు. ఒకటితో కలిసింది. 2023లో ఒకటిన్నర. అంతకుముందు ఏడాది రెండు. దానికి ముందు రెండేళ్ళూ రెండున్నర. 2019లో మూడు. 2018 నవంబరులో నాలుగు.

మళ్ళీ మొదటి నుంచి పెట్టి చూశాను. అదే లెక్క.

అక్టోబరు 22

పాత ఫోన్లు. బ్యాటరీ తగ్గితే పాట సాగదీసి పలుకుతుందని ఎక్కడో చదివాను.

అక్టోబరు 23

ఎక్కడా చదవలేదు.

అక్టోబరు 24

శివరామ్ ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. పలక మీద 2018 నుంచి వరసగా శ్రుతులన్నీ రాసి వాడి ముందు పెట్టాను. నాలుగు, మూడు, రెండున్నర, రెండు, ఒకటిన్నర, ఒకటి. వాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"ఇన్నాళ్ళు పట్టిందా నీకు?" అన్నాడు.

ఎలా అని రాశాను.

"కీబోర్డులో బటన్ ఉండాదప్పా. అది నొక్కితే నేను నాలుగులోనే వాయిస్తా, పెట్టె మాత్రం కిందికి దిగి పలుకుతాది. నీ కండ్లు ఎప్పుడూ నా వేళ్ళ మీదే కదా ఉండేది. వేళ్ళు నాలుగులో ఉంటే నీకు చాలు."

ఎందుకు అని రాశాను. బలపం విరిగింది.

వాడు విరిగిన ముక్క ఏరి నా చేతిలో పెట్టాడు. "ఆ క్రిస్మస్ పొద్దు మైకుకి ఏం కాలేదు దైవం. నీ గొంతు పగిలింది. నువ్వు మైకన్నావు, మేమందరం మైకే అన్నాం. రెండు దినాలు నువ్వు అన్నం తినలేదంట. మూడో దినం చంద్రకళమ్మ వచ్చింది. ఈడనే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చునింది. 'అన్నా, ఆయనకి తెలీకుండా ఒక మెట్టు దించేకి అవతాదా' అనింది. పాట నిలిచిపోతే మనిషి నిలిచిపోతాడని ఆమెకి భయం. దించినాను. తరవాత నీ గొంతు దిగేకొద్దీ నేనూ దించుకుంటా వచ్చినాను."

ఆడవాళ్ళు? అని రాశాను, విరిగిన ముక్కతో.

"నువ్వు ఒకటిలో పాడితే వాళ్ళకి యాడ అందుతాది? పావం, సుమ్మా ఊరికే పెదాలు కదుపుతా నిలబడతారు. పాస్టర్ గారి మనసు నొచ్చుకుంటాదని ఒక్కరూ నోరు తెరవలా. చంద్రకళమ్మే వాళ్ళకీ చెప్పిపెట్టింది."

ఇప్పుడెందుకు పెంచావని రాశాను.

"నేనేడ పెంచినా? నాలుగు చూపించింది నువ్వే కదా. పాడేది నువ్వు కాదు. ఏడేండ్ల తరవాత నువ్వు చెప్పింది చెప్పినట్టు వాయించినా, అంతే."

కాఫీ తాగకుండానే లేచి వచ్చేశాను. వాడు వీధి చివరిదాకా నా వెనకే నడిచాడు.

అక్టోబరు 25

ఏడేళ్ళు. నూటయాభై మంది. ప్రతి ఆదివారం నా ముఖంలోకి చూస్తూ.

నన్ను బొమ్మని చేశారని పలక నిండా రాశాను. చంద్రకళ చదివి చెరపలేదు. గోడకి ఆనించి పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"కోపం ఉంటే ఇంకా రాయండి. నేను చేసిందానికి నాకేం సిగ్గు లేదు."

నువ్వు నాకంటే బాగా పాడేదానివి, ఎందుకు మానేశావని రాశాను.

"మీ పాట నిలిచిపోతే ఈ ఇల్లు ఎట్లుంటాదో నేను రెండు దినాలు చూసినాను. నా పాట నిలిచిపోతే ఏమయింది? ఏడేండ్లయినా ఇంట్లో ఎవురికీ తెలీలా."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది. ఆ తర్వాత లేచి వెళ్ళి బియ్యం కడుక్కుంది.

నాకు తెలియలేదు. ఎన్నూరు అమ్మాసికి తెలిసింది, నాకు తెలియలేదు. ఆవిడ పెదాలు కదలడం చూసి పాటే అనుకున్నాను. ఒకే మంచం, ఒకే కంచం, ఒకే వేదిక. సంఘంలో ఎవరి బిడ్డకి పళ్ళొచ్చాయో చెప్పగలను. నా భార్య పాడుతోందో లేదో చెప్పలేకపోయాను. సిగ్గుగా ఉంది. ఆవిడ మీద ప్రేమగానూ ఉంది. రెండూ కలిపి రాయడానికి పలక చాలదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అక్టోబరు 26, ఆదివారం

శివరామ్ నా వైపు చూశాడు. నేను కిందికి చూశాను. వాడే నాలుగు వాయించాడు.

అక్టోబరు 28

ఇవాళ్టి నుంచి రోజుకి పది మాటలు. మొదటి మాట ఏమిటా అని పొద్దుటి నుంచి ఆలోచించి, "చంద్రా" అని పిలిచాను. గొంతు నాదిలా లేదు. వంటింట్లోంచి "కాఫీనా?" అంది.

అవునన్నాను. ఇంకేం అనగలను?

అక్టోబరు 30

రాయడానికి సిగ్గుపడకూడదు. ఇది నా కోసమే కదా.

ఇంత తెలిశాక కూడా ఆ ఒక్క చరణం మనసులోంచి పోలేదు. వార్షికోత్సవం పది రోజుల్లోకి వచ్చింది. పైపులు వంచే ప్రెస్సు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినపడదు. అంబత్తూరు వెళ్ళి దాని వెనక నిలబడ్డాను. "నీ చూరు కింద" అని ఎత్తుకున్నాను. రేకు చీల్చినట్టు ఒక శబ్దం వచ్చింది. సరిగ్గా అప్పుడే భోజనానికని అరుముగం మిషన్ ఆపాడు.

"సార్, ప్రెస్సులో ఏదో విరిగినట్టుంది, విన్నారా?" అంటూ పరిగెత్తుకొచ్చాడు. మూత విప్పాడు. లోపల టార్చి వేసి చూశాడు. కింద పడుకుని చూశాడు. నూనె పోశాడు. పావుగంట గడిచింది. అన్నం డబ్బా చల్లారిపోతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. నాకు ఆ మైకు గుర్తొచ్చింది. 2018లో కూడా ఒకడు ఇలాగే మైకు విప్పి, వైర్లు మార్చి, చెమట కక్కుతూ వెతికి ఉంటాడు.

"మిషన్ కాదు అరుముగం. నేనే. నా గొంతు" అన్నాను. ఆరో ఏడో మాటలు అయిపోయాయి.

వాడు టార్చి ఆర్పాడు. చేతులు తుడుచుకుని, తన ఫ్లాస్కులోంచి గోరువెచ్చని నీళ్ళు పోసి ఇచ్చాడు. తాగాను. మింగితే నొప్పి పుట్టింది. భయమేసింది.

పాడను. ఇది చంద్రకళతో కాదు, డాక్టరమ్మతో కాదు, నాతో నేను చెప్పుకుంటున్నాను.

నవంబరు 2, ఆదివారం

చంద్రకళని అడిగాను. "వచ్చే ఆదివారం పై చరణం నువ్వు పాడు." ఆరు మాటలు.

"చాల్లే పోండి. తుప్పు పట్టిన గొంతు. జనం నవ్వతారు."

నవంబరు 8, శనివారం

మందిరంలో అభ్యాసం. తుఫాను వాన. శ్రేయ నా దగ్గరికి వచ్చి నిలబడింది. "అయ్యగారూ, నాకు భయమైతుంది. మీ పాట మీరు పాడకుంటె మందికి మంచిగ అనిపిస్తదా? పై చరణం నాతోని కాదు. అమ్మగారు వంటింట్ల పాడంగ విన్న నేను. ఆమెనే పాడుమనుండ్రి."

అంటే ఈ పిల్ల కూడా విన్నది. వినంది నేనొక్కణ్ణే.

చరణం దగ్గర గొంతు తగ్గించి ఆగిపొమ్మని ఆ అమ్మాయికి రాసి చూపించాను. ఎవరూ అందుకోకపోతే? అన్నట్టు చూసింది. చూద్దాం అని రాశాను.

నవంబరు 9, ఆదివారం

మందిరం నిండి మెట్ల మీద కూడా జనం. గొడుగులన్నీ ఒక మూల కుప్ప. నేను మొదటి వరసలో. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో చంద్రకళ, నీలం చీర.

శివరామ్ నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నేను కుడిచేతి ఐదు వేళ్ళూ చూపించాను. ఎడమచేతి చూపుడువేలు సగం మడిచి దాని పక్కన పెట్టాను. ఐదున్నర, ఆడవాళ్ళ గొంతుకి తగిన శ్రుతి. వాడు నమ్మలేదు. మళ్ళీ చూపించాను. అప్పుడు వాడు కీబోర్డు మీద బటన్ నొక్కాడు, నాకు కనపడేలా, ఒక్కొక్కటే, మూడుసార్లు.

శ్రేయ మొదలుపెట్టింది. ఆడవాళ్ళంతా అందుకున్నారు. మగవాళ్ళు పాపం కింద ఎక్కడో గొణుగుతూ తంటాలు పడ్డారు, ఏడేళ్ళు ఆడవాళ్ళు పడిన పాటు ఒక్క పూట మనం పడితే తప్పులేదు. పై చరణం వచ్చింది. శ్రేయ ఆగింది. కీబోర్డు ఒక్కటే వినపడుతోంది. చరణంలో ఒక పాదం ఖాళీగా వెళ్ళిపోయింది. నా పెదాల దాకా వచ్చింది పాట. నోరు గట్టిగా మూసుకుని, కుర్చీ చేతులు పట్టుకున్నాను.

మూడో వరసలోంచి వచ్చింది. మొదటి మాట వణికింది, కొంచెం జీర. రెండో మాటకి నిలబడింది. "రెక్కలు ఆరేదాకా పొమ్మనకు తండ్రీ." నేను రాసిన మాటే. అంత పైన అది ఎలా ఉంటుందో నాకు తెలియదు, నేనే అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. వెనక్కి తిరిగి చూడాలనిపించింది. తిరిగితే ఆపేస్తుందేమోనని భయపడి, గోడ మీది గడియారాన్ని చూస్తూ కూర్చున్నాను. ముల్లు కనపడలేదు, కళ్ళ నిండా నీళ్ళు.

బయటికొచ్చాక అందరూ చుట్టూ మూగారు. "అరవయ్యో ఏడాది, మీరు పాడకుండా అయిపోయిందే అయ్యగారూ!"

"విన్నాను" అన్నాను. ఇవాళ్టికి మాట్లాడింది ఆ ఒక్క మాటే. మిగిలిన తొమ్మిదీ వాడుకోలేదు.

నవంబరు 10, సోమవారం

పొద్దున్నే చంద్రకళకి గొంతు పూర్తిగా పోయింది. ఏడేళ్ళ తర్వాత ఒక్కసారిగా ఐదున్నర ఎక్కితే పోదూ మరి! ఉప్పునీళ్ళు కాచి ఇచ్చాను. మిరియాల పాలు నేనే కలిపాను, పొంగించి పొయ్యంతా పాడు చేశాను. ఆవిడ తిట్టబోయింది, మాట రాలేదు. నవ్వొచ్చి నా పలక తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

చాలాసేపు బలపం పట్టుకుని ఆలోచించింది. రాసి నా వైపు తిప్పింది.

"ఐదున్నర ఎక్కువైంది. వచ్చే ఆదివారం ఐదు చూపించండి."